వద్దని వచ్చేస్తే వెనక్కి పిలిచేవాళ్లు

పోయిన వారం ఎమ్మిగనూరులో ఒక దుప్పటి కొన్నాను. నేతగాళ్ల వీధిలో ముప్పై ఏళ్లుగా నేను పోయే అంగడే అది. అంగడాయన ధర చెప్పాడు, నేను ఆ ధర ఇచ్చేసి, దుప్పటి చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. నాలుగడుగులు వేశానో లేదో, ఆయన గద్దె దిగి గడప దాకా వచ్చి కేకేశాడు.

"టీచరమ్మా, ఒంట్లో బాగుండాదా? బేరం సేయకుండా పోతాండావే!"

వీధిలో వాళ్లంతా నావైపు తిరిగి చూశారు. బాగానే ఉన్నానని చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. "సగానికి సగం అడిగేదానివి, నా దుప్పటికి వంద వంకలు పెట్టేదానివి. ఏమన్నా కోపమొచ్చిందేమో అనుకుంటి" అన్నాడు. నవ్వేశాను గానీ, ఆయన అడిగినదాంట్లో నిజం ఉంది. నాకు బేరం మాని చాలా రోజులైంది. మాన్పించింది పలకంత ఉన్న ఒక ట్యాబ్ అని చెబితే ఆయన నమ్మడు. నా ఈడు వాళ్లు మీరైనా నమ్ముతారేమోనని రాస్తున్నాను.

ఆదోనిలో మా నాన్నది బట్టల అంగడి. అక్షరాలకంటే ముందు మాకు ఇంట్లో నేర్పింది "వద్దు" అనడం. ఎదుటివాడు మొదట ఏది చెప్పినా, అది ఎంత మంచి ధరైనా సరే, వద్దనాలి, అని లేచి నడవాలి. ఆ నడకలోనే ఉంది విద్యంతా. మరీ వేగంగా పోతే నిజంగానే పోతున్నామనుకుంటాడు, మరీ నిదానంగా పోతే మన ఆశ బయటపడుతుంది, వెనక్కి తిరిగి చూశామంటే మాత్రం పని చెడినట్టే. పదడుగుల లోపల "రా అమ్మా, రా" అని పిలుపు రావాలి. నా జీవితంలో ఆ పిలుపు రాని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెళ్లిచూపులప్పుడు కూడా అలవాటు కొద్దీ ముందు వద్దనేశాను. వాళ్లు అంగడివాళ్లు కారు పాపం, నిజమేననుకుని లేచి బస్టాండు దారి పట్టారు. మా నాయనమ్మ మనిషిని పరిగెత్తించి వెనక్కి పిలిపించకపోతే ఈ ఇల్లు లేదు. మా ఆయన ఇప్పటికీ దాన్ని ఏడాదికొకసారైనా నలుగురిలో చెబుతాడు.

ఉద్యోగంలో కూడా నేను చేసింది ఒక రకంగా బేరమే. కోసిగి వైపు ఒక పల్లె బడిలో చివరి తొమ్మిదేళ్లు పనిచేశాను. పత్తి తీతలు అయిపోగానే అక్కడ సగం ఊరు వలస పోతుంది, వాళ్లతో పిల్లలూ పోతారు. తల్లుల దగ్గర కూర్చుని, ఆడపిల్లను వదిలిపొమ్మని, నాలుగు నెలలు వద్దంటే మూడు నెలలని, మూడు వద్దంటే పరీక్షల దాకానని అడిగేదాన్ని. వాళ్లు వద్దంటే లేచి పోయేదాన్ని. పదడుగుల లోపల పిలిచేవాళ్లు. ఈ పనికి బడిలో నన్ను మించినవాళ్లు లేరని నాకు కాస్త పొగరుగా కూడా ఉండేది.

ఆ పొగరు రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, తరగతి గదిలోకి గోడంత తెర, మా చేతుల్లోకి ట్యాబులు వచ్చినప్పుడు దిగిపోయింది. ఆదోనిలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. ఒక్కొక్కరినీ తెర దగ్గరికి పిలిచి వేలితో గీతలు గీయమన్నారు. మా పెదనాన్న ఎద్దుల వ్యాపారి, సంతలో ఆయన బేరమంతా తుండుగుడ్డ కింద వేళ్లతోనే జరిగేది, ఆయన వేలు ఎదుటివాడి ఏ వేలును పట్టుకుందో పక్కన నిలబడినవాడికి కూడా తెలిసేది కాదు. అలాంటి ఇంటి ఆడబిడ్డను నేను, నలభై మంది ముందు వేలు చాపి నిలబడితే, వేలు వణికిన ప్రతి వణుకూ గోడ మీద ఎర్రటి గీతగా కనిపిస్తోంది. అప్పటికి బీపీ బిళ్ల రోజుకొకటి, ఆ వారం నుంచి రెండయ్యాయి.

నేర్చుకోలేదని కాదు, నేర్చుకున్నాను. కానీ నా లోపల కూర్చున్న అంగడి పిల్ల ఊరుకోదు. ఒక మధ్యాహ్నమంతా కష్టపడి తెర మీద తుంగభద్ర నదిని గీశాను, ఊళ్లు పెట్టాను, రంగులద్దాను. చివరికి తెర అడిగింది, దీన్ని దాచిపెట్టమంటారా అని. నా వేలు నన్ను అడక్కుండానే "వద్దు" మీద పడింది. నది లేదు, ఊళ్లు లేవు, పిల్లలు చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు అట్లే ఆగిపోయాయి. ఇలా ఒకసారి కాదు, మూడుసార్లు. మా లెక్కల మాస్టారు వయసులో చిన్నవాడు, చనువు ఎక్కువ. "అక్కా, అది నీతో బేరానికి రాలేదు. వద్దంటే వద్దనే అనుకుంటాది" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ మాట లోపలికి దిగి ఉంటే ఆ తర్వాత జరిగింది జరిగేది కాదు.

ఆ ఏడు వలసలు మొదలైన రోజుల్లో, బడిలో ఉండిపోయే పిల్లలకు హాస్టలు సీట్లు వచ్చాయి. పేర్లు ట్యాబులోనే ఎక్కించాలి, ఆ సాయంత్రంతో గడువు సరి. తల్లులతో మాట్లాడేది నేనే గనక పేర్లెక్కించే పని కూడా హెడ్మాస్టరు నాకే ఒప్పజెప్పారు. ఆరుగురు పిల్లలు. అయిదుగురి తల్లులు ముందే ఒప్పుకున్నారు. ఆరో పిల్ల ఏడో తరగతి, క్లాసులో అందరికంటే గట్టిగా చదివేది. ఆ తల్లి మాత్రం నాకంటే గట్టి బేరగత్తె.

"పోయినేడు కూడా సీటు వస్తాదనిరి మేడమ్. నమ్మి వదిలిపెట్టి పోతి. పేరే ఎక్కలేదంట. కండ్లు కనపడని ముసల్దాని దగ్గర పిల్ల పదైదు దినాలు ఒక్కతే ఉండె. మళ్లా నేనే వచ్చి పిల్సుకపోతి. ఈసారి నా కండ్లతో సూడల్ల. పేరు ఎక్కినట్టు సూపీ, వదిలిపోతా. లేకుంటే బండెక్కిస్తా."

ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? నేనైనా అదే అడుగుతాను. సరేనన్నాను. బండి నాలుగు గంటలకు. అప్పటికి మూడు దాటింది. మా బడిలో సిగ్నలు గేటు దగ్గరి మెట్ల మీద మాత్రమే దొరికేది. అక్కడే కూర్చుని ఒక్కొక్క పేరూ, తండ్రి పేరూ, కార్డు నంబరూ కొట్టుకుంటూ వచ్చాను. గేటు బయట బండి వచ్చి నిలబడింది, మూటలు, గిన్నెలు, కోళ్లగంప ఎక్కుతున్నాయి. పిల్ల బట్టల సంచి కూడా వాటితో పాటే ఎక్కిపోయింది. ఆరో పేరు అయ్యేసరికి ట్యాబు అడిగింది, ఇక మార్చడానికి ఉండదు, పంపమంటారా అని.

మీకు తెలిసే ఉంటుంది నా వేలు ఎటు పోయిందో.

తెర తెల్లబడింది. ఆరు పేర్లూ పోయాయి. నేను తలెత్తలేదు, ఎత్తితే ఆ తల్లి ముఖం చూడాలి. ఎవరో పిలుస్తారని, రా అమ్మా అంటారని ఒక క్షణం నిజంగానే ఎదురుచూశానంటే నవ్వకండి. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మెట్ల మీద కూర్చుని, ఒక పలక తనను వెనక్కి పిలుస్తుందని చూడటం.

"ఏమైండాది మేడమ్? పేరేది?" అంది తల్లి.

"తప్పు నొక్కినానమ్మా. మళ్లా చేస్తా."

"ఓ యమ్మా, ఎక్కండి జల్ది! పొద్దు పోతాండాది!" బండి డ్రైవరు హారను మీది నుంచి చెయ్యి తీయడం లేదు.

తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది. పిల్ల కదల్లేదు. నేను ఈసారి ఆ పిల్ల పేరొక్కటే ముందు పంపుదామని మొదలుపెట్టాను. చేతుల చెమటకు ట్యాబు నా వేలును ఒప్పుకోవడం లేదు, కొంగుతో తుడుచుకుంటూ, మళ్లీ నొక్కుతూ ఉంటే కార్డు మీది అంకెలు నా కళ్లకు అలుక్కుపోయాయి. అప్పుడు ఆ పిల్ల కార్డు నా చేతిలోంచి తీసుకుని, పాఠం అప్పజెప్పినట్టు తన నంబరు తానే చదివింది. ఒక్క అంకె తప్పలేదు.

మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. నా వేలు మళ్లీ "వద్దు" వైపే జారడం నా కళ్లతో నేనే చూశాను. ఎడమచేత్తో ఆ చేతి మణికట్టు పట్టుకుని "సరే" మీదికి తెచ్చి నొక్కాను. బేరమాడకుండా నేను ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, బండి కదిలింది, మళ్లీ ఆగింది, చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి ఒక పచ్చ గుర్తు వచ్చింది, పక్కన పిల్ల పేరు.

తల్లి వంగి చాలాసేపు చూసింది. చదువు రాదు ఆమెకు. "ఇదేనా? ఈ పచ్చదేనా?" అంది. అదేనన్నాను. ఆమె ట్యాబు మీది నుంచి కళ్లు తీసి నన్ను చూసింది. "దాన్ని నేనెరగను మేడమ్. నువ్వు సెప్పు."

"నేను చెబుతున్నానమ్మా. సీటు ఖాయం" అన్నాను.

ఆమె పిల్ల చెయ్యి వదిలి, వెనక్కి చూడకుండా పోయి బండెక్కింది. బండి మలుపు దాకా పోయి నిలిచిపోయింది. "ఓ పాపా! రాయే!" అని ఆమె కేక. పిల్ల పరిగెత్తింది. తల్లి మనసు మార్చుకుందనుకున్నాను. ఆమె మరచిపోయిన బట్టల సంచి కిందికి దించి, పిల్ల తల ఒకసారి నిమిరి, డ్రైవరును పొమ్మంది. మిగిలిన అయిదు పేర్లూ గడువు లోపల ఎట్లా ఎక్కించానో నాకు గుర్తు లేదు.

ఆ పిల్ల ఆ ఏడు పరీక్షలు రాసింది. మరుసటి వలసల నాటికి నేను రిటైరైపోయాను. ఆ తల్లితో తర్వాత ఎవరు కూర్చుని మాట్లాడారో, ఆమె వద్దని లేచిపోతే ఎవరు వెనక్కి పిలిచారో తెలియదు. ట్యాబులో పేరెక్కించడం నాకంటే బాగా వచ్చినవాళ్లే ఉండి ఉంటారు, అందులో అనుమానం లేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి భయం పట్టుకుంది. ఫోను ఏది అడిగినా సరేననే నొక్కుతాను, ఆసుపత్రిలో సరే, బ్యాంకులో సరే, చివరికి దుప్పటి అంగడిలో కూడా సరే. వద్దంటే ఎవరూ పిలవరేమోనన్న భయం.

పోయిన వారం నేను వద్దనకుండానే ఆయన పిలిచాడు. వెనక్కి పోయి, గద్దె అంచున కూర్చుని, దుప్పటి విప్పి అంచు సరిగా లేదన్నాను, రంగు నిలవదన్నాను. ఆయన ముఖం వెలిగింది. "అట్లా సెప్పు!" అంటూ కొంత తగ్గించాడు. చాలదని, దుప్పటి, ముందే ఇచ్చిన డబ్బులు కూడా అక్కడే వదిలేసి లేచాను.

ఈసారి నడక కుదరలేదు. మరీ నిదానంగా నడిచాను, పిలుస్తాడో లేదోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.