మా సందులో ర్యాంపులు

పంజాగుట్టలో మా ఆఫీసు కిటికీ తెరిస్తే ఫ్లైఓవర్ మీది హారన్లు, మూస్తే ఏసీ రొద. అక్కడ కూర్చుని నేను ఊరి బయట రాబోయే వెంచర్లకు వీధులు గీస్తాను. ఎవరో పొలం మ్యాపు తెస్తారు, నేను దాన్ని ప్లాట్లుగా కోస్తాను. లోపలి వీధి ఎంత వెడల్పుండాలి, మలుపులో మూల ప్లాటును ఎంత ఏటవాలుగా కోయాలి, వీధి చివర ఫైరింజన్ వెనక్కి తిరగడానికి ఎంత జాగా వదలాలి, అన్నిటికీ నిబంధనలున్నాయి. ఆ మూల కోత అంటే వెంచర్ వాళ్లకు కడుపుమంట. బంగారం లాంటి గజాలు గాలికి వదిలేస్తున్నారేంటండీ అంటారు. వీధిపోటు ఉన్న ప్లాటు ఎవరూ కొనరు కాబట్టి వీధినే కాస్త పక్కకు వంచమని బతిమాలేవాళ్లూ ఉన్నారు. నేను వంచను. నాకున్న కాస్త పొగరూ అక్కడే చూపిస్తాను.

సాయంత్రం మెట్రో స్తంభాల కింద నడుచుకుంటూ అమీర్‌పేటలోని నా గదికి వెళ్లేవాణ్ణి. మా సందు కూడా ఒకప్పుడు ఎవరో బుద్ధిగా గీసిన లేఅవుటే. కాగితం మీద చూస్తే ఎదురెదురుగా వచ్చే రెండు కార్లు హాయిగా తప్పుకుపోవచ్చు. నేల మీద ఆటో ఒక్కటి రావాలన్నా డ్రైవర్ పక్క అద్దం మడుచుకోవాలి. మిగతా వెడల్పంతా ర్యాంపులు మింగేశాయి.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. మన దగ్గర కొత్త రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వరు, దాని మీదే ఇంకో పొర పరుస్తారు. వేసిన ప్రతిసారీ రోడ్డు లేస్తుంది, ఇల్లు కిందికి పోతుంది, వానొస్తే నీళ్లు హాల్లోకి వస్తాయి. అందుకని ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టేవాళ్లు పక్కింటి కంటే కాస్త ఎక్కువే ఎత్తు లేపుతారు. లేపాక బండి ఎక్కాలి కదా, గేటు బయటికి రోడ్డు మీద ర్యాంపు పోస్తారు. ఇల్లు ఎంత ఎత్తయితే ర్యాంపు అంత పొడుగు. మా సందులో ఎవర్ని కదిపినా ఎదుటివాళ్ల ర్యాంపే అడ్డమని చెబుతారు.

నేను అద్దెకున్న ఇల్లు కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన దంపతులది. ఆవిణ్ణి పిన్నిగారు అనేవాణ్ణి, ఆయన్ని బాబాయిగారు. ఆయన సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యారు. కిడ్నీలు పాడై రోజు విడిచి రోజు పంజాగుట్టలో డయాలసిస్‌కు వెళ్లాల్సి వచ్చింది. కాళ్లలో సత్తువ పోయి చక్రాల కుర్చీలో కూర్చున్నారు. కారు సందు మొదట్లోనే ఆగిపోయేది. అక్కణ్ణుంచి ఇంటిదాకా, హాస్టళ్ల ముందు నుంచీ టిఫిన్ బండ్ల మధ్య నుంచీ, కుర్చీ తోసుకుంటూ రావాలి. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లు తప్పుకుని చూసేవాళ్లు. ఆయన మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొహానికి అడ్డంగా పేపరు తెరిచి పట్టుకునేవారు. అప్పుడప్పుడూ నేనూ తోసేవాణ్ణి. దారి పొడుగునా ఆయన పేజీ తిప్పడం ఎన్నడూ చూడలేదు.

కొన్నాళ్లకు ఆయన ఇక వెళ్లనని మొండికేశారు. ఒకటీ రెండూ మానేస్తే కొంపలేం మునగవన్నారు. నిజంగానే ఒకసారి మానేశారు. మానేస్తే ఏమవుతుందో డాక్టరు పిన్నిగారికి ముందే చెప్పి ఉన్నాడు. ఆవిడ నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "నువ్వు రోడ్లు గీసేవాడివి కదా బాబూ, నువ్వు చెబితే ఎదురింటాయన వింటాడు. ఆ ర్యాంపు కొట్టేస్తే కారు గేటుదాకా వస్తుంది. గేటుదాకా వస్తే ఈయన ఎక్కుతారు."

ఎదురింటాయన తెలంగాణలో ఒక చేనేత ఊరి నుంచి వచ్చినవాడు. కింద టైలరింగ్ షాపు, పైన ఇల్లు. నేను వెళ్లేసరికి మెడలో టేపు వేసుకుని బయటికి వచ్చాడు. నా చేతిలో ఇంకో టేపు. ఇద్దరం కలిసి కొలిచాం. ఆయన ర్యాంపు రోడ్డు మీదికి వచ్చిన మాట నిజమే. మా ర్యాంపు అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆయనది ఒక్కటే కొట్టినా కారు పట్టదు.

"వాననీళ్లొచ్చి గిరాకీల బట్టలన్నీ ఖరాబైనయన్నా, అందుకే ఇల్లు లేపిన," అన్నాడాయన. "పెద్దాయన కుర్చీ నేను సుత పట్టుకుంటున్న, నాకు తెల్వదా? మాది కొట్టేస్త, ఫికర్ లేదు. గని మీది సుత కొట్టాలె. ఒక్కటే రోజు."

న్యాయమైన మాట. వెళ్లి పిన్నిగారికి చెబితే ఆవిడ గేటు వైపు చెయ్యి చూపించింది. గేటు బయటి ర్యాంపు లేకపోతే ఆయన కుర్చీ ఇంట్లోకి ఎక్కేదెలా? ఉంటే కారు రాదు, తీసేస్తే మనిషి రాడు. ఎదురింటి ర్యాంపు గురించి ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

ఆఫీసులో పాత లేఅవుట్ ప్రింటు వెనక మా ఇల్లు గీశాను. ర్యాంపును ప్రహరీ లోపలికి తేవాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగుంటే కుర్చీని ఒక్క మనిషే తోయగలడు. పోర్టికోలో మలుపులు తిప్పి చూశాను, కుర్చీ తిరగదు. అంత పొడుగున్న జాగా ఇంటి పక్కన ఒక్కటే ఉంది. ప్రహరీకీ ఇంటి గోడకీ మధ్య, గాలీ వెలుతురూ రావడానికి ఖాళీగా వదులుతామని ప్లానులో చూపించిన జాగా అది. ఊళ్లో అందరిలాగే బాబాయిగారూ దాన్ని వదల్లేదు. పైన రేకులేసి, వెనక బాత్రూమ్ కట్టించి, గది చేసి అద్దెకిచ్చారు. ఆ గదిలో ఉంటున్నది నేను.

ఇది నాకు మొదటిరోజు నుంచీ తెలుసు. వెంచర్ వాళ్ల దగ్గర గజం గజానికీ పేచీ పెట్టే మనిషి, వదలాల్సిన జాగాలో మంచం వేసుకుని హాయిగా నిద్రపోయేవాడు. ఆ గదంటే నాకిష్టం. ఆఫీసుకు నడిచిపోవచ్చు, పొద్దున్నే గోడ అవతలి నుంచి పిన్నిగారి కాఫీ వాసన వస్తుంది. బాధ కలిగింది, దాచడం దేనికి. ఇంకో దారి దొరుకుతుందేమోనని ఆశగా ఇంకా గీశాను. దొరకలేదు.

పిన్నిగారు బొమ్మ చూసి, నా గది ఏదని అడిగింది. చూపించాను. ఇంకోలా గియ్యి బాబూ అని కాగితం నాకే ఇచ్చేసింది. బాబాయిగారైతే మండిపడ్డారు. నా సుఖం కోసం అద్దెకున్నవాణ్ణి రోడ్డు మీదికి తోస్తానా, నాకేం ఖర్మ అన్నారు. నేను ఆయన పక్కన కూర్చుని, ఇల్లు కట్టినప్పటి ప్లాను తెప్పించి ఒళ్లో పరిచాను.

"ఇందులో ఇక్కడ గది లేదండి బాబాయిగారూ," అన్నాను. "లేని గదిలోంచి నన్నెవరు తోసేస్తారు?"

ఆయన బతుకంతా డ్రాయింగు చూసి పని చేయించిన మనిషి. డ్రాయింగుతో వాదించడం ఆయనకు చేతకాదు. ప్లాను మడిచి నా చేతికిచ్చి, సరే కానివ్వు అన్నారు.

నేను ఎస్.ఆర్. నగర్‌లో ఒక షేరింగ్ గదికి మారాను. అన్న మాట ప్రకారం రెండు ర్యాంపులూ ఒకే రోజు పగిలాయి. ఎదురింటాయన షాపు ముందు అద్దాల కౌంటర్ వెనక్కి జరుపుకుని, మెట్లు లోపలికి కట్టించుకున్నాడు. ఖాళీ అయిన రోడ్డు మీద మర్నాడే హాస్టల్ బైకులు వచ్చి నిలబడ్డాయట. ఆయన టేపు మెడలో వేసుకునే వాటిని తరుముతున్నాడని పిన్నిగారు ఫోన్లో చెప్పింది.

లోపలి ర్యాంపు పూర్తయ్యాక, వాలు సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని వెళ్లాను. నేను ఉండగానే ఆసుపత్రి నుంచి కారు వచ్చి గేటు ముందు ఆగింది. బాబాయిగారు దిగారు. చొక్కా ఇస్త్రీ అలాగే ఉంది, చేతిలో పేపరు లేదు. పిన్నిగారు ఒక్కతే కుర్చీ తోస్తూ పైకి తీసుకొచ్చింది. నా మంచం ఉండే చోటికి రాగానే ఆయన చెయ్యెత్తి ఆపించారు. రేకులు తీసేసినా, గోడ మీద పాత రంగు నా గది ఎంతవరకో అంతవరకే ఉంది. నేనున్న ఇన్నేళ్లలో ఆయన ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. ఆ రంగును ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి, నా వైపు తిరిగారు.

"ఇంత ఇరుగ్గానా బాబూ, నిన్ను ఉంచింది?"