ఫొటోల ఫోల్డరుకు తాళం

ఫొటో స్టూడియో ఆవిడ నోటికి తాళం లేదంటారు గానీ, కంప్యూటర్లో ఆమె ఫొటోలు దాచే ఫోల్డరుకు మాత్రం గట్టి తాళమే. జనం నమ్మి తీయించుకున్న బొమ్మల మీద పరాయి కన్ను పడకూడదని, తను తప్ప ఎవరూ తెరవకుండా కట్టుదిట్టం చేసుకుంది.

ఒక ఉదయం బడి పెద్ద టీచరమ్మ పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నీ ఫొటోలతో పాటు వైరస్ కూడా వచ్చిందమ్మా. మా కంప్యూటరు దాన్ని పట్టేసింది."

"మా దాన్నుంచా! మాది విండోస్ కాదు, లైనక్స్ అండీ, దానికి జలుబు కూడా చెయ్యదు. రోజూ స్కాన్ చేస్తాను. ఇదిగో, దొరికినవి సున్నా!"

టీచరమ్మ వాదించలేదు. "సాయంత్రంలోగా తేల్చు. రేపు గ్రూప్ ఫొటోలు తీసే పని ఎవరికివ్వాలో నేను చూసుకోవాలి" అని వెళ్లిపోయింది.

బడి చెయ్యి జారితే స్టూడియోకు ఊపిరి ఆగినట్టే. ఆవిడ గబగబా ఆడపడుచును పిలిపించింది. ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసే పిల్ల, చెప్పులు విడవకుండానే తెర ముందు కూర్చుంది.

"వదినా, ఈ సున్నాకు పైనున్న వరసలు ఎప్పుడైనా చదివావా?"

"ఏవో ఏడుస్తాయిలే. చివర సున్నా ఉందిగా!"

"'అనుమతి లేదు, అనుమతి లేదు' అని మొత్తుకుంటోంది పాపం. స్కానర్ నీ పేరుతో కాదు, తన పేరుతో తిరుగుతుంది. నీ ఫోల్డరు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోంది. ఊడ్వనివ్వని గదిలో చెత్తే లేదంటావేం?"

"అయితే అందరికీ బార్లా తెరిచెయ్యవే!"

"ఊడ్చేందుకు తలుపులు ఊడబీకుతారా ఎవరైనా? దానికొక్కదానికే చూసే అనుమతి ఇస్తా. చూడొచ్చు, చెయ్యి మాత్రం పెట్టకూడదు."

మళ్లీ స్కాన్ నడిచింది. ఏ పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కిందో గానీ, వైరస్ బడి ఫొటోల మధ్యే దర్జాగా కూర్చుని ఉంది. స్టూడియో ఆవిడ నాలుక కరుచుకుంది.

"చెరుపు వదినా, నీ ఇల్లు నీ చేత్తోనే."

చెరిపి, ఆడపడుచు తల రెండు చేతులా దగ్గరకు తీసుకుని, "నా తల్లే" అంది.

పొద్దు వాలకముందే శుభ్రమైన పెన్‌డ్రైవ్‌తో బడికి పరుగెత్తింది.

"మీరన్నదే నిజమండీ. నోరు మెదపకుండా మీరు ఇంకో స్టూడియోకు పోయి ఉంటే, ఆ దరిద్రాన్ని ఇంటింటికీ నా చేత్తోనే పంచేదాన్ని. తిట్టడానికైనా నా దగ్గరికే వచ్చారు. మీ మేలు మర్చిపోను."

టీచరమ్మ పెన్‌డ్రైవ్ అందుకుంది.

"రేపు ప్రార్థన కాగానే పిల్లల్ని నిలబెడతాను. వెనక వరసలో పొట్టివాళ్లని దాచెయ్యకు, కిందటేడు వాళ్ల అమ్మలు నా ప్రాణం తీశారు."