ఊఁ కొట్టేవాళ్ళు లేని గది

మా పిన్ని చెప్పిన కొబ్బరి ఎస్టేట్ కథలన్నీ రాసి నేను పుస్తకం వేయించినప్పుడు మలేషియాలోని బాగన్ దాతుక్‌లో మా తెలుగువాళ్ళంతా తలా ఒకటి కొన్నారు. కొని, దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు. చదవడం ఎవరికొచ్చు గనక? పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, అక్షరాలు మాత్రం రావు. ఒకరింట్లో నా పుస్తకానికి పసుపూ బొట్టూ పెట్టి ఉండటం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అందుకే కౌలాలంపూర్‌లోని మా ప్రచురణకర్త, ఈసారి వినే పుస్తకం చేద్దామన్నప్పుడు ఎగిరి గంతేశాను. ఇప్పుడు పుస్తకాల వాళ్ళందరిదీ ఇదే దారి. అడిగినవాళ్ళకు అడిగినన్ని కాపీలు అచ్చు వేస్తారు, మిగతా జనమంతా కారులో, ఫోనులో వినడమే. తీరా ఆవిడ పంపిన నమూనా వింటే అది మనిషి గొంతు కాదు, కంప్యూటర్ గొంతు. ఎంత శుభ్రంగా ఉందో! తోటలోకి పులి వచ్చిన చోట కూడా వరద హెచ్చరిక చదివినట్టు చదివేసి ఊరుకుంది. నాకు ఒళ్ళు మండింది. పిన్ని నిక్షేపంలా ఉండగా ఆమె కథ మిషన్ చెప్పడమేమిటని పోట్లాడాను. చివరికి ఆవిడ ఒక్క పూట ఇచ్చింది. పిన్ని చెప్పగలిగితే పిన్ని గొంతు, లేకపోతే కంప్యూటర్‌దే.

దగ్గర్లోని పట్నం తెలుక్ ఇంటాన్‌లో పెళ్ళి వీడియోలు తీసే తమిళతని రికార్డింగ్ గదికి పిన్నిని కారులో తీసుకెళ్ళాను. గొంతుకి పట్టుచీర ఎందుకన్నా వినకుండా కట్టుకుని వచ్చింది. ఆమెను గాజు గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, బయట నేనూ, ప్రచురణకర్తా, రికార్డింగతనూ ముగ్గురం నోళ్ళు మూసుకుని నిలబడ్డాం.

పిన్ని ఒక మాట చెప్పింది. ఆగింది. మా వైపు చూసింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని మళ్ళీ అక్కడే ఆగింది. ఇంట్లో గంటలకొద్దీ చెప్పిన మనిషి! పెద్దావిడ మరిచిపోతోందని రికార్డింగతను తమిళంలో గొణిగాడు. ప్రచురణకర్త నా భుజం మీద చెయ్యి వేసి, పాపం ఆమెను ఇబ్బంది పెట్టొద్దు, కంప్యూటర్‌తోనే కానిద్దామంది. ఆ చెయ్యి తోసేసి లోపలికెళ్ళి ఏమైందని పిన్నినడిగాను.

"ఏటయినాదా? నాను సెప్తంటే ఒక్కలూ ఊఁ అనరు. గోడకి సెప్పమంతావేటే?"

నా తెలివి తగలెయ్య! మా ఇళ్ళల్లో ఊఁ వినబడకపోతే కథ ఆపేస్తారు, వినేవాళ్ళు నిద్రపోయారని లెక్క. ఇదివరకు పిన్ని చెబుతుంటే ఊఁ కొట్టింది మా అమ్మ. నేను పక్కన తల వంచుకుని రాసుకునేదాన్ని. ఇప్పుడేమో చప్పుడు కాకూడదని అందరం కలిసి పిన్ని నోరు కట్టేశాం.

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని ఊఁ అన్నాను. ఇక చూడాలి పిన్నిని! పులి వచ్చింది, మేస్త్రీ కొబ్బరిచెట్టెక్కేశాడు, అతని కైలీ లుంగీ కిందే ఉండిపోయింది. గాజు అవతల ప్రచురణకర్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

కథ అయ్యాక రికార్డింగతను నా ఊఁలన్నీ కోసేసి వినిపించాడు. పిన్ని తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంది. ప్రచురణకర్త ఆ ఊఁలను ఉంచేయమంది. కంప్యూటర్ గొంతు మాట మళ్ళీ ఎత్తలేదు. హమ్మయ్య, గుండెల మీది బరువు దిగిపోయింది. ఇంటికెళ్దామని పిన్నిని లేవమన్నాను. లేవలేదు, నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి, మలేవాళ్ళలా మాట చివర 'లా' తగిలించింది.

"కూకో లా. మీ యమ్మ పోయినాక నానెవలికీ కత సెప్పనేదే. ఇంకోటి ఇను."

కూర్చున్నాను.