జంతికల పేజీలో ముఖం

ఆమె చేసిన జంతికల పక్కన వేరొకామె ముఖం పెట్టాను. చేసినామెను అడగనైనా అడగలేదు.

కలకత్తా దగ్గర లిలువాలో మా పక్క వాటాలో ఉండేది. వాయ దింపగానే ఒక జంతిక చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. చప్పుడు నచ్చితే "పలికిందన్నయ్యా" అనేది. పలకకపోతే ఆ వాయ అమ్మేది కాదు. మెత్తబడ్డ సరుకును మెరిసే ఫొటోలతో ఆన్‌లైన్లో అంటగట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. బడి చదువు లేకపోయినా ఫోనులో చూసి ఫొటోలు తీయడం నేర్చుకుని, ఆమె కోసం ఒక పేజీ తెరిచాను. కిటికీ వెలుగులో, ఇత్తడి పళ్ళెంలో జంతికలు బ్రహ్మాండంగా వచ్చాయి. చెమట పట్టిన ఆమె ముఖం మాత్రం బ్రాండుకు పనికిరాదనిపించింది. నెట్‌లో దొరికిన బొమ్మ, పట్టుచీరలో నవ్వుతున్న ఎవరో ఆవిడది, పెట్టేశాను. చూసి ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆర్డర్లు పెరిగాయి. ఒకరోజు సాల్ట్ లేక్ నుంచి ఐటీలో పనిచేసే తెలుగమ్మాయి వచ్చి, "ఫొటోలోని ఆంటీ ఉన్నారా? ఒక సెల్ఫీ కావాలి" అంది. నేను అక్కడే ఉన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "అమ్మగోరు ఊరెళ్ళారమ్మా. నాను పనిమనిసిని."



ఆ సాయంత్రమే బొమ్మ తీసేశాను. అలా ఎందుకన్నావమ్మా అని ఎన్నిసార్లు అడిగినా మాట దాటేసేది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేనాడు చెప్పింది:

"మరేటి సెప్పమంటావన్నయ్యా? ఆ బొమ్మ అబద్దమని సెప్తే, జంతికలు కూడా అబద్దమే అనుకోరేటి?"