ట్యాగు కట్టని ఉసిరి మొక్క

2008 కార్తీకంలో నాకు రాజస్థాన్ టూరు వేశారు. నాచారంలో ఒక ట్రావెల్స్ ఆఫీసు, అందులో నేను టూర్ మేనేజర్ని. మేనేజర్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ముప్పై ఆరుమంది ప్రయాణికులు, ఇద్దరు వంటవాళ్ళు, వాళ్ళ గ్యాస్ పొయ్యిలు, గిన్నెలు, ఆవకాయ జాడీలు. ఆవకాయ తప్ప వెళ్ళినవన్నీ తిరిగి రావాలి. అదే ఉద్యోగం.

బయల్దేరే రోజు ఉప్పల్‌లో బస్సు పక్కన నిలబడి ప్రతి సామానుకీ పసుపు ట్యాగు కట్టి, నంబరూ యజమాని పేరూ కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసుకునేవాణ్ణి. దాన్ని మేం లగేజీ షీటు అంటాం. ఎక్కడ ఎవరు అడ్డుకున్నా ఆ కాగితం చూపిస్తే పని జరిగిపోతుంది. దాని విషయంలో నాకు కొంచెం మొండితనం ఉండేది. తాళం పడేది, జిప్పు పడేది సామాను, మిగతాది మీ ఖర్మ అనేవాణ్ణి.

ఆ రోజు చిల్కానగర్ నుంచి సత్తెమ్మ గారు కుండీతో సహా ఆటో దిగారు. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసి రిటైరైన మనిషి. కుండీలో మూరెడు ఉసిరి మొక్క. ట్యాగు కట్టమన్నారు. మొక్కలకి కట్టనన్నాను.

"నీ సూట్‌కేసులు నీళ్ళు తాగయి తమ్మీ, ఇది తాగుతది. ముందుగాల దీనికే కట్టాలె," అన్నారు. నేను వినలేదు.

నిజానికి ఆ మొక్క రావడానికి కారణం నేనే. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద ఒక్కపూటైనా తినడం ఆవిడకి ఇరవై రెండేళ్ళుగా తప్పని ఆనవాయితీ. ఆ నెలలో టూరంటే వెనకాడుతుంటే, బుకింగ్ టేబుల్ దగ్గర నేనే ధైర్యం చెప్పాను. ఉదయ్‌పూర్‌లో సరస్సు మధ్య దీవి ఉంది, దీవి మీద రాజుల మహలు, మహలుకి తోట, అంత తోటలో ఒక ఉసిరిచెట్టు ఉండదా అని. అప్పటికి ఆ దీవికి నాలుగుసార్లు వెళ్ళినవాణ్ణి. తలలు లెక్కపెట్టుకోవడమే గాని ఏనాడూ ఒక చెట్టు వంక చూసిన పాపాన పోలేదు.

ఆరో రోజు దీవికి పడవెక్కాం. బయటి తిండి తేకూడదు, తోటలో మొక్కలు ముట్టకూడదు అని గేటు దగ్గర బోర్డు. భీమవరం వైపు నుంచి వచ్చిన మా వంటవాడు సూర్యం సంచిలో పులిహోర డబ్బా ఉంది. సత్తెమ్మ గారి సంచిలో కుండీ ఉంది. ఆ రెండు సంచులూ గేటు దాటుతున్నప్పుడు నేను రేవులోని రాతి ఏనుగులను మహా శ్రద్ధగా చూస్తున్నాను.

తెల్లటి పాలరాతి మంటపాలు, ఫౌంటెన్లు, గులాబీ మళ్ళు. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే సత్తెమ్మ గారు తోటంతా రెండుసార్లు తిరిగారు. ఉసిరి లేదు. వచ్చి నా ముందు నిలబడ్డారు.

కుండీ తీసి ఒక మూల పెట్టి, పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టుకున్నారు. మొక్క నీడ డబ్బా మూతంత కూడా లేదు. దాని చుట్టూ ముప్పై ఆరుమందీ చేరారు. "వనం చిన్నదైనా భోజనానికి లోటు లేదండీ," అంటూ సూర్యం తలా గుప్పెడు పులిహోర పెట్టాడు. గేటు బోర్డు తలుచుకుని నేను జంకుతుంటే, ఇది భోజనం కాదు ప్రసాదమని సత్తెమ్మ గారు నన్ను సముదాయించారు. నేనూ తిన్నాను. ఉప్పు కాస్త తగ్గింది గాని బాగుంది.

చిక్కు తిరుగు పడవ దగ్గర వచ్చింది. పూజ చేసిన మొక్కను సంచిలో కుక్కనని ఆవిడ కుండీని చంకనెత్తుకున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు. తోట మొక్కను కుండీతో సహా ఎత్తుకుపోతున్నారన్నాడు. కుంకుమ చూపిస్తే, మా కుండీకే పెట్టారు అన్నాడు. కాగితం అడిగాడు. నా లగేజీ షీటులో డెబ్బై ఒక్క సామాన్లు ఉన్నాయి, ఆ కుండీ లేదు. విషయం తేలేదాకా మా పడవ కదలదన్నాడు. నాలుగున్నరకి ఒడ్డున మా బస్సు బయల్దేరకపోతే అజ్మీర్‌లో రైలు అందదు. అప్పటికే నాలుగు కావస్తోంది. కుండీ ఇక్కడే వదిలేద్దాం, ఉప్పల్ వెళ్ళాక నేను వేరేది కొనిస్తానని మెల్లగా అన్నాను.

ఆవిడ ముఖం మారిపోయింది. "ఇడిసిపెడితె దొంగనని ఒప్పుకున్నట్టే గద. ముప్పయ్యేండ్లు ఫ్యాక్టరీ గేటుకాడ సంచి తలాషీ ఇచ్చిన తమ్మీ. ఒక్కనాడు నా సంచిల ఒక్క గోలి దొరకలె. ఈడ ఉసిరి చెట్టుంటె నేను ఉప్పల్ నుంచి ఎందుకు మోసుకొస్త? జర అడుగు ఆయన్ని."

అడిగాను. సెక్యూరిటీ అతను లోపలికి కబురు పెట్టి, ముసలి తోటమాలిని పిలిపించాడు. ఆయన కుండీలో వేలు పెట్టి మట్టి నలిపి చూసి, ఇంత ఎర్రమట్టి ఈ దీవిలో లేదన్నాడు. ఉసిరి కూడా లేదన్నాడు. సెక్యూరిటీ అతను పక్కకి తప్పుకున్నాక తోటమాలి నా చెవి దగ్గరకొచ్చి, మధ్యాహ్నం నుంచి తోటలో చింతపండు వాసన వస్తోంది, నేనైతే ఏమీ చూడలేదని హిందీలో చెప్పాడు. సత్తెమ్మ గారు డబ్బా అడుగున మిగిలిన పులిహోర ఆయన చేతిలో పెట్టారు.

పడవలో నేను సంచిలోంచి పసుపు ట్యాగు తీసి కుండీకి కట్టాను. డెబ్బై రెండు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముడి గట్టిగా వేయమన్నారు. బస్సు పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. అయినా రైలు దొరికింది.

ఏది సామానో తేల్చాల్సింది ట్యాగు కట్టేవాడు కాదు, మోసేవాళ్ళు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరు ఏది తెచ్చినా కట్టాను. ఒకసారి రోకలికి, ఒకసారి తోడుపెట్టిన పెరుగు గిన్నెకి కూడా. బుకింగ్ టేబుల్ దగ్గర మాత్రం, నేను చూడని చెట్టు ఉందని మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.