ఉపవాసం నాటి ఆఖరి పందెం

మట్టితో మనిషిని చేసి, ఆ మట్టిలో పడినప్పుడు చెయ్యందించే తండ్రికి స్తోత్రం. పొద్దున్న నది దాటించి, సాయంత్రం మళ్ళీ ఇంటి మెట్లెక్కించే దేవునికి మహిమ. అడిగినదానికి జవాబు రాని రోజులకు కూడా స్తోత్రం చెల్లిస్తున్నాను. అవే ఎక్కువ గనక.

మా ఆయన మోటార్ సైకిల్ పందేలు తోలుతాడు. మేముండేది బర్మాలో, అహ్లోన్ పేటలో. వారమంతా రేవు గోదాముల్లో వెల్డింగ్ పని. ఊళ్ళో మోటార్ సైకిళ్ళు నడపనివ్వరు కాబట్టి ఆ బండి నది అవతల తన్లిన్‌లో ఒక షెడ్డులోనే ఉంటుంది. శనివారం వస్తే హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కుతాడు. కండక్టరు ప్రతిసారీ, ఈ బస్సు అంత స్పీడు పోదు, నెత్తికి పెట్టుకోనక్కర్లేదు అంటాడట.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆయన తోలే స్పీడ్‌వే పందెం అంటే కోడిగుడ్డు ఆకారంలో ఒక మట్టి బాట. పందానికి నలుగురు, నాలుగు చుట్లు, ఎప్పుడూ ఎడమవైపే తిరగాలి. ఆ బళ్ళకి బ్రేకులుండవు. మలుపులో వెనక చక్రాన్ని జారనిచ్చి, ఎడమ బూటుకు కట్టిన ఇనుప రేకును నేలకు రాస్తూ తిప్పాలి. ముందొచ్చినవాడికి మూడు పాయింట్లు, ఆ తరవాత రెండు, ఒకటి. ఆఖరివాడికి దుమ్ము. మా ఆయన జట్టుది రెండో తరగతి లీగు. చూడటానికి వచ్చేవాళ్ళలో సగం తోలేవాళ్ళ బంధువులు, మిగతా సగం కిళ్ళీలమ్మేవాళ్ళు.

పోయిన సీజను, వానలు వెనకబట్టింది మొదలు తింజాన్ నీళ్ళ పండుగ ముందు దాకా, నేను ఒకచోట కుదురుగా కూర్చోలేదు. శనివారం మధ్యాహ్నం ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేదాన్ని. కరెంటు పోతే ఫోను పలికేది కాదు. బాల్కనీలోకి వెళ్ళి బస్సు వచ్చే వైపు చూసి, లోపలికి వచ్చి, మళ్ళీ వెళ్ళేదాన్ని. ఒక్క ఊపిరిలో రెండు ప్రార్థనలు చేసేదాన్ని: ప్రభువా, ఈయన్ని గెలిపించు, ప్రభువా, ఆ బండిని స్టార్టు కానివ్వకు.

ఎందుకంటే ఆయనకు ఆ సీజనులో కావలసింది ఒక్కటే. మొదటి తరగతి జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. జట్టు నడిపే పెద్దాయన్ని అందరూ సయా అంటారు. సీజను ముగిసేసరికి ఎవరు ముందుంటే వాళ్ళని పైకి పంపుతానన్నాడు సయా. మా ఆయనకు నలభై దగ్గరపడుతోంది. మళ్ళీ ఇలాంటి చోటు వచ్చేనాటికి మోకాళ్ళు ఒప్పుకోవు. ఆయనతో పోటీ పడుతున్నవాడు అదే జట్టులోని మరొకడు. వయసులో చిన్నవాడు. తండ్రి మన తెలుగువాడు, తల్లి బర్మా ఆవిడ, మొక్కేది బుద్ధుడికి. తెలుగులో మొదలుపెట్టిన మాట సగంలో బర్మా భాషలోకి దిగిపోతుంది. మంచివాడు. ఆఖరి శనివారం నాటికి ఇద్దరి పాయింట్లూ సమానం.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం ఉపవాస ప్రార్థన పెడతామో ఆ మనిషి కూడా మాతోపాటు పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. ముగింపు ప్రార్థన అయ్యాక అందరం కలిసి జావ తాగుతాం. మామూలుగా అది ఉద్యోగం దొరకనివాడి కోసమో, పెళ్ళి కుదరని పిల్ల కోసమో పెడతాం. వాళ్ళు నీడపట్టున మా మధ్యే కూర్చుంటారు. ఆఖరి శనివారం కొడుకు కోసం ఉపవాసం పెట్టాలని మా అత్త స్త్రీల కూటంలో అడిగింది.

"పందెం కోసం ఉపవాసమేటమ్మా?" అంది ఒకావిడ.

"పందెం కోసం కాదే. పందెం తోలే ఎదవ కోసం," అంది మా అత్త.

అందరూ నవ్వారు, అందరూ ఒప్పుకున్నారు. ఆయన ఎప్పుడూ వంతెన దిగాక ఒక దుకాణంలో చేపల పులుసు పోసిన సేమ్యా, అదే మొహింగా, తిని మైదానానికి వెళతాడు. ఆ రోజూ అంతేననుకున్నాం; ఎండలో బండి తోలేవాడు కూడా ఆ పద్ధతి పాటిస్తాడని ఎవరికీ తోచలేదు.

శనివారం గుడిలో కూడాం. ఫ్యాన్లు ఆగిపోయాయి. పెద్దావిడ ఒకరు చక్రాలను, చెయినును, ఇంజనును పేరుపేరునా ప్రభువు చేతికి అప్పగిస్తున్నారు. నేను సంచి అందుకున్నాను. లేచాను. మా అత్త ఒక కన్ను తెరిచింది.

"ఏటే, ఎక్కడికి?"

"తన్లిన్‌కి."

"ప్రార్దన మజ్జిలోనా?"

"దేవుడు అక్కడా ఉన్నాడు గదత్తా."

"ఆయనున్నాడు. నీకు బస్సులో సీటుండొద్దా?" అని మళ్ళీ కన్ను మూసుకుంది.

సీటు లేదు. వంతెన పొడుగునా నిలబడే వెళ్ళాను. నేను చేరేసరికి మైదానంలో నీళ్ళ ట్యాంకరు బాట తడిపి వెళుతోంది. మిగిలింది ఒక్క పందెం, ఇద్దరి పాయింట్లూ ఇంకా సమానమే. మా ఆయన బండి పక్కన గొంతుక్కూర్చుని బూటుకు ఇనుప రేకు కట్టుకుంటున్నాడు. పెదవులు తెల్లగా, పగిలి ఉన్నాయి.

"ఏటి తిన్నావు?" అన్నాను.

"ప్రార్దన అయిపోయిందేటి?"

"లేదు."

"మరింకేటి తింతాను?"

సంచిలోంచి నీళ్ళ సీసా తీశాను. "ఒక్క గుక్క తాగు. దేవుడేటీ అనుకోడు."

"దేవుడు అనుకోడు. అక్కడ ముసలమ్మలందరూ నా కోసం కడుపులు మాడ్సుకుంటంటే నాను ఇక్కడ గుటక్కుమనీమంతావా? అడ్డు లెగు."

హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆ ఎండలో, ఆ తోలు దుస్తుల్లో.

నాలుగు బళ్ళూ ఒక్కసారి లేచాయి. మొదటి మలుపులోనే మా ఆయన లోపలి గీత పట్టాడు. రెండో చుట్టుకి ముందున్నాడు. మూడో చుట్టుకీ ముందే. చిన్నవాడు ఆయన వెనకే అతుక్కుని వస్తున్నాడు. నా నోట ప్రార్థన రాలేదు, ఒట్టి కేకలొచ్చాయి. చివరి చుట్టులో, అవతలి మలుపులో, మా ఆయన ఎడమ కాలు దించలేదు. బండి బాట వంపు పట్టకుండా ఎడమకు కోసుకుని లోపలి గడ్డిలోకి వెళ్ళింది, ఎవరో నెమ్మదిగా పడుకోబెట్టినట్టు పక్కకు ఒరిగింది. చిన్నవాడు దాటిపోయాడు.

నేను గడ్డిలోకి పరిగెత్తాను. దెబ్బలు లేవు. కళ్ళకు చీకటి కమ్మిందట. గీత కనబడకపోతే వెనకవాళ్ళకు అడ్డంపడతానని చేతనైనంతలో లోపలికి తిప్పాడట.

చిన్నవాడు గెలిచిన బండిని ఎవరికో అప్పగించి, చెరుకురసం గ్లాసుతో వచ్చాడు. సంగతి విని నోరు తెరిచాడు.

"అన్నా, మా పొంజీ సాములు కూడా పన్నెండు దాటితే తినరు. కానీ రసం తాగుతారు." గ్లాసు చాపి, "ఇంకోటి, ఆళ్ళు పందెం తోలరు," అన్నాడు.

మా ఆయన నవ్వాడు. గ్లాసు మాత్రం తీసుకోలేదు. చిన్నవాడు దాన్ని నా చేతికిచ్చాడు; సయా అతని భుజం తట్టి తీసుకెళ్ళాక నా దగ్గర తీసుకుని తాగాడు.

ఇంటికొచ్చేసరికి మా అత్త జావ గిన్నెతో గుమ్మంలో ఉంది. చోటు పోయిందని విని కొడుకు చేతులూ కాళ్ళూ తడిమి చూసింది. "ఒళ్ళు ఒళ్ళులాగే వచ్చింది గదా. దేవుడు విన్నాడు. ఆ పందెం ఒద్దన్నాడు, అంతే."

ఆ మాట నేను ఒప్పుకోలేదు. ఆదివారం బడిలో పిల్లలకు నేనే చెప్పే కథ ఒకటుంది. యుద్ధం రోజున ఒక రాజు సైన్యమంతా ఉపవాసముండాలని ఒట్టు పెడతాడు. సైనికులు సొమ్మసిల్లుతారు. ఆ ఒట్టు వినని రాజు కొడుకు కర్ర కొనతో తేనె ముంచుకుని తింటే అతని కళ్ళకు వెలుగు వస్తుంది. దేశాన్ని కష్టపెట్టింది మా నాన్నే అంటాడు. ఆ కథ గుర్తుచేశాను.

"రాజుల ఊసు నాకెందుకే? నాకున్నది ఒక్క కొడుకు," అంది మా అత్త. నేను జావ ముందు ఆవిడకే పోశాను. ఆవిడా పొద్దుట్నుంచి చుక్క నీళ్ళు తాగలేదు.

మర్నాడు మా ఆయన గుడికి వచ్చాడు. ఎప్పుడూ పాట ఎత్తేది ఆయనే. ఆ రోజు ఎత్తలేదు. వేరే ఎవరో తప్పు శ్రుతిలో ఎత్తితే అందరం దాని వెనకే ఈడ్చుకుంటూ వెళ్ళాం.

ఇప్పుడు వానలు. బాట నీళ్ళలో మునిగి ఉంది. వానలు తగ్గాక రెండో తరగతిలోనే ఇంకో సీజను తోలతావా అని సయా కబురు పెట్టాడు. మా ఆయన ఔననలేదు, కాదనలేదు. శనివారాలు మాత్రం బస్సెక్కి తన్లిన్ వెళుతున్నాడు. చిన్నవాడి బండి చెయిను బిగించి, క్లచ్చి సరిచేసి, చీకటి పడకముందే వస్తున్నాడు. "పైన బాట పెద్దదంట. ఆడికి మలుపు ముందే తిప్పడం నేర్పాలి," అన్నాడు ఒకసారి. మొన్నటిదాకా నేను కోరుకున్నది ఆయన మానెయ్యడమే. ఇప్పుడు సయాకు జవాబు చెప్పకుండా కూర్చుంటే, తోలు అని నోటిదాకా వస్తోంది. చెప్పలేక మళ్ళీ బాల్కనీలోకి వెళుతున్నాను.

చదువుతున్న మీరు ఏ ఊళ్ళో ఉన్నా, ఏ సంఘంలో ఉన్నా, ఒక్క నిమిషం నాతో కలవండి. ముందు ఏదైనా తినండి, నీళ్ళు తాగండి, తరవాతే కళ్ళు మూసుకోండి. గెలుపు అడగవద్దు, ఓటమీ అడగవద్దు. తండ్రీ, ఈ మనిషి నోట మాట రానివ్వు, అది ఏ మాటైనా అతని భార్యకు దాన్ని వినే ఓపిక ఇవ్వు అని నాతోపాటు అడగండి. ఆమేన్.