ప్రాక్సీ దాటని పాస్‌వర్డ్

శంషాబాద్‌లో విమానాశ్రయం దగ్గరి కార్గో ఆఫీసులో చేరిన కొత్తలో, ఒక పైథాన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చింది. బయటి ఇంటర్నెట్‌కు వెళ్లే దారిలో కాపలా ఉండే ఆఫీసు ప్రాక్సీ దాటాలంటే కమాండ్‌లోనే నా పాస్‌వర్డ్ రాయాలి. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు కొట్టినా ఎర్రరే. చివరికి నెట్‌వర్క్ చూసే అక్కను పిలిచాను. సంగతేమిటని మేనేజర్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

"పాస్‌వర్డ్‌ల 'ఎట్' (@) గుర్తుంటే గిట్లనే పరేషాన్ చేస్తది తమ్మీ. దాని తర్వాతదంతా ప్రాక్సీ అడ్రస్ అనుకుంటది," అంటూ అక్క తెర మీదున్నది పైకే చదివేసింది: "మేనేజర్‌మొద్దు ఎట్ వన్ టూ త్రీ."

"ఇప్పుడే మారుస్త సార్," అన్నాను.

"ఆ గుర్తొక్కటే తియ్యి," అన్నాడాయన నింపాదిగా. "ముందటిది ఉండనీ. మా పెద్దసారు మీద నా పాస్‌వర్డ్ గూడ గసొంటిదే."

ఆ గుర్తు తీసి పాస్‌వర్డ్ మార్చాక, ప్యాకేజీ నిమిషంలో దిగింది.